ఒక ధార, పెక్కు మళ్లు



నేటి నా ప్రసంగము చరిత్రకు సంబంధించినదే కాని, రాజుల చరిత్ర కాదు. ఒకచోట పుట్టిన మాటను, బొమ్మను పెక్కుచోట్ల నున్నవారికి ఏకకాలమున నందించు విద్య యెట్లు పెరిగినదో, ఆ పెరుగుదలలో నొక చిన్న కీలు తప్పిన నేమగునో మనవి చేయదలచితిని. ఇది యంత్రములవారి విషయముగదా, మనకేల యని పెద్దలు తలంపవచ్చును. నేనును అట్లే తలంచి యొక పేదవానికి అన్యాయము చేయబోయితిని. కావున మొదట ఆ కథ చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట పెన్నయొడ్డున నున్న మా పామిడిలో నొక మేడమీద పురాణ ప్రవచనము జరిగెను. మెట్లెక్కలేని ముదుసళ్లకొరకు క్రింద పందిటిలో రెండు తెరలును, ప్రక్క వీధిలో నొక తెరయు ఏర్పరచితిమి. మేడమీది కెమెరా పట్టిన బొమ్మ తీగెవెంట దిగి, స్విచ్చి అనబడు పంపిణీపెట్టెను చేరి, అచ్చటినుండి మూడు తెరలకును పోవలయును. ప్రక్కనున్న గుడ్డల అంగడివారి లెక్కల యంత్రమును ఆ స్విచ్చికే తగిలించి యుండిరి. ఈ యేర్పాటంతయు చేసినవాడు ఇరువది యేండ్లు దాటని కుర్రవాడు.

ప్రవచనము చక్కగా మొదలయ్యెను. నాలుగు నిమిషములు దాటిన పిమ్మట తెరలు ఒకదానివెంట నొకటి బిగుసుకొనిపోయెను. కుర్రవాడు పరుగున పోయి తెరలయొద్ద నున్న చిన్నపెట్టెలను ఆర్పి వెలిగించెను. బొమ్మ వచ్చెను. మరల అంతే కాలమునకు ఆగెను. ముసలమ్మలు విసుగుకొనిరి. నిర్వాహకులమైన మేము, "నాసిరకపు సామాను తెచ్చినాడు, కూలిలో సగము పట్టుకొందము" అని తీర్మానించితిమి. ఆ తీర్మానమునకు తలయూపినవారిలో నేనొకడను. వాని తప్పు ఏమిటో మాలో నొక్కరికిని తెలియదు. తెలియకయే తీర్పు చెప్పితిమి.

ఇక చరిత్రకు వత్తము. ఒక మాటను పలువురికి చేర్చుటకు మన గ్రామములలో పూర్వమునుండి మూడు మార్గములు కలవు. మొదటిది ఉత్తరము. నూరుగురికి చెప్పవలెనన్న నూరు ఉత్తరములు వ్రాయవలెను. రెండవది టముకు. వీధిలో కొట్టిన చాలును, కావలసినవాడును వినును, అక్కరలేనివాడును వినును. మూడవది నీరుగంటి పద్ధతి. చెరువు తూము ఒక్కటి, కాలువ ఒక్కటి, మళ్లు పెక్కులు. ఏ మడికి నీరు కావలయునో నీరుగంటి యడిగి తెలిసికొని, ఆ మడవను మాత్రమే తెరచును. కాలువలో పారునది ఒక్క ధారయే. అది చీలవలసినచోట మాత్రమే చీలును.

రేడియో టముకు జాతికి చెందినది. అనంతపురము మదరాసు రాజధానిలో నుండిన కాలమున, 1924లో మదరాసు నగరమున రేడియో క్లబ్బువారు ప్రసారములు ప్రారంభించిరి. 1938 జూను 16న మదరాసులో ఆలిండియా రేడియో కేంద్రము వెలసెను. 1948 డిశంబరు 1న విజయవాడ కేంద్రము వచ్చెను. ఆకాశమున విడిచిన మాటను పదిమంది విన్నను, పదిలక్షలమంది విన్నను పంపువానికి శ్రమ యొక్కటియే. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము పాటు అమెరికావారు ఎరువిచ్చిన ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను చూపిరి. ఆ యారింటిలో ఆంధ్రప్రదేశము నొకటి. అదియును టముకే గాని వేరు కాదు.

కంప్యూటర్లను తీగెలతో కలిపినవారు మొదట ఉత్తరపు మార్గము నవలంబించిరి. ప్రతి సమాచారపు తునుకపైనను ఒక చిరునామా యుండును. ఆ చిరునామాకే యది చేరును. జాబులకును లెక్కలకును ఇది చాలినది. బొమ్మలకు చాలలేదు. ఒక కదలు బొమ్మకు సెకనుకు నాలుగు మెగాబిట్లు కావలయు ననుకొనుడు. నూరు మెగాబిట్ల తీగెలో అట్టివి ఇరువదియైదు పట్టును. అందరును చూచునది ఒకే బొమ్మ యైనను, ఇరువదియారవ ప్రేక్షకుడు వచ్చిన క్షణమున తీగె నిండిపోవును.

ఈ చిక్కును విప్పినవాడు అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పరిశోధకుడుగా నుండిన స్టీవ్ డీరింగు. ఆయన వ్రాసిన నిబంధనల పత్రము 1989లో వెలువడెను. ఆ పద్ధతికి మల్టీకాస్టు అని పేరు. 224 మొదలు 239 వరకు గల అంకెలతో ప్రారంభమగు చిరునామాలను ఇందుకై ప్రత్యేకించిరి. ఆ చిరునామా ఏ యొక్క ఇంటిదియు కాదు, అది యొక గోష్ఠి పేరు. పంపువాడు ఆ పేరుమీద ఒక్క ధార విడుచును. వినగోరు యంత్రము "నేనీ గోష్ఠిలో చేరితిని" అని చాటును. వినువారెవరో పంపువాడు ఎరుగనక్కరలేదు. 1992 మార్చిలో శాన్ డియేగో నగరమున జరిగిన యంత్రజ్ఞుల సభలోని మాటలను ఈ రీతిగనే మూడు ఖండములలోని ఇరువది చోట్లకు వినిపించిరి.

ఇది నీరుగంటి పద్ధతియే యని పెద్దలు గ్రహించియుందురు. నీరుగంటి పనియంతయు అడుగుటలో నున్నది. ఈ నిబంధనలలోను అడుగువాడు కలడు. అతడు నియమిత కాలమున కొకసారి "ఈ గోష్ఠిని వినువారింకను ఉన్నారా?" అని ప్రశ్నించును. వినువారు "ఉన్నాము" అని బదులు చెప్పుదురు. ఈ ప్రశ్నోత్తరముల భాషకు ఐ.జి.ఎం.పి. యని పేరు. ప్రశ్నించు యంత్రమును క్వెరియరు అందురు. సామాన్యముగా ఒక వీధి తీగెలను వేరొక వీధి తీగెలతో కలుపు రౌటరు అను యంత్రమే ఆ పని చేయును.

ఆ కాలపు తీగె ఒక చావడి వంటిది. ఒకడు పలికిన అందరికిని వినబడును. అందుచేత నిబంధనకర్తలు ఒక మర్యాద పెట్టిరి. ప్రశ్న వినబడగానే అందరును ఒక్కమారు అరవరాదు. ఒక్కొక్కడు కొంచెము తాళవలెను. తనకంటె ముందొకడు "ఉన్నాము" అన్నచో తక్కినవారు ఊరకుండవచ్చును. చావడిలో నొక్కడు వినుచున్నను ధార రావలసినదే గనుక ఒక్క బదులు చాలును.

తరువాత స్విచ్చి వచ్చెను. అది చావడిని గదులుగా చీల్చినది. ప్రతి యంత్రమునకు వేరొక ద్వారము. ఏ ద్వారమునుండి ఏ చిరునామావాడు పలుకుచున్నాడో స్విచ్చి గుర్తుంచుకొని, వానికి వచ్చినదానిని ఆ ద్వారమునకే పంపును. కాని గోష్ఠి పేరుతో ఎవడును పలుకడు, ఆ పేరుకు వచ్చునది మాత్రమే కలదు. కావున గోష్ఠివారు ఏ ద్వారమున నున్నారో స్విచ్చికి తెలియదు. తెలియక అన్ని ద్వారములకును ధారను విడుచును. కట్ట తెగిన కాలువవలె అక్కరలేని యంత్రముల పైనను ఆ వెల్లువ పడును.

దీనికి మందుగా స్విచ్చికి పొంచి వినుట నేర్పిరి. ఆ విద్యను స్నూపింగు అందురు. క్వెరియరు అడుగు ప్రశ్నను, యంత్రములు చెప్పు బదులును స్విచ్చి నడుమ నుండి వినును. బదులు వచ్చిన ద్వారమును తెరచి, తక్కినవానిని మూసియుంచును. ఇందుకు వలసిన సూచనలను కూర్చిన పత్రము 2006లో వెలువడెను. వెనుకటి మర్యాద ఇప్పుడు అడ్డంకి యైనది. ప్రతి ద్వారమునుండియు బదులు రానిచో ఏ ద్వారము తెరువవలెనో స్విచ్చి కెట్లు తెలియును? అందుచేత ఒకరి బదులు మరొకరికి వినబడకుండ స్విచ్చి కాపాడవలసివచ్చెను. 2002లో వచ్చిన ఐ.జి.ఎం.పి. మూడవ రూపములో ఆ మర్యాదనే తొలగించి, ప్రతివాడును తనకు తాను బదులు చెప్పవలెనని విధించిరి.

ఇక పందిటిలోనికి మరల వత్తము. తెరలు ఆగుట చూచుచుండగా, ఆగు కాలము ప్రతిసారియు సమానముగా నున్నట్లు నాకు తోచెను. యాభైయేండ్ల బడిగంటల అలవాటుచే గడియారము తీసి లెక్కించితిని. నాలుగు నిమిషముల ఇరువది సెకనులు. మరల చూచితిని. మరల అంతే. సామాను నాసిరకమైనచో ఇంత నియమముగా చెడునా? రోగము వేళ తప్పక వచ్చినప్పుడు ఆ వేళయే నిదానమునకు త్రోవ చూపునని వైద్యులు చెప్పుదురు.

ఇంతలో కుర్రవాడు స్విచ్చిలోని స్నూపింగును ఆపివేసెను. తెరలు నిలిచినవి. మేము సంతోషించితిమి. కాని గడియ గడువకముందే అంగడివారు వచ్చి, తమ లెక్కల యంత్రము కదలుట లేదనిరి. వారి పాత యంత్రముపైన అక్కరలేని బొమ్మల వెల్లువ పడుచుండెను. ఒక మడి ఎండుచున్నదని తూములన్నియు పగులగొట్టిన చందమాయెను.

అప్పుడు నా శిష్యుడొకడు, బెంగుళూరులో నిట్టి తీగెల పనియే చేయువాడు, ఫోనులో సంగతి విని నవ్వెను. "అయ్యవారూ, రెండువందల అరువది సెకనులు లెక్కకు వచ్చినవి గదా! తెరలు చెడలేదు. మీ స్విచ్చివద్ద అడుగువాడు లేడు" అనెను.

లెక్క యిట్లున్నది. క్వెరియరు 125 సెకనుల కొకసారి అడుగవలయును. ఒక ప్రశ్న దారిలో తప్పిపోవచ్చునని రెండు ప్రశ్నల కాలము తాళుదురు. అది 250 సెకనులు. బదులు చెప్పుటకు మరి 10 సెకనులు. మొత్తము 260. అంతవరకు బదులు రానిచో వినువాడు పోయినాడని స్విచ్చి నిశ్చయించి ద్వారమును మూయును. మా పందిటిలో రౌటరు లేదు, క్వెరియరు లేడు. పెట్టెను వెలిగించినప్పుడు అది తనంతట "చేరితిని" అనును, ద్వారము తెరచుకొనును. అటుపిమ్మట దానిని అడుగువారు లేరు, అడుగనిదే అది చెప్పదు. 260 సెకనులు కాగానే ద్వారము మూతపడును. వినువాడున్నాడు, పంపువాడున్నాడు, ధారయు నున్నది. అడుగువాడు మాత్రము లేడు.

చికిత్స అల్పము. స్విచ్చినే క్వెరియరుగా నుండుమని యాజ్ఞాపించుట కందులో వసతి కలదు. కుర్రవాడు శిష్యుడు చెప్పినట్లు దానిని నెలకొల్పి, స్నూపింగును మరల వెలిగించెను. తెరలు నిలిచినవి, అంగడి యంత్రమును కదలినది. ప్రవచనము ముగియువరకు నేను గడియారమును జేబులో పెట్టలేదు.

ఇట్టి పెట్టెలు ఇప్పుడు గ్రామములకును వచ్చుచున్నవి. మన రాష్ట్రమున విద్యుత్ స్తంభముల వెంట గాజుతీగె లాగి, టెలివిజను, ఫోను, ఇంటర్నెట్టు మూడును ఇండ్లకు చేర్చు ఫైబర్‌నెట్ పథకమును 2017 డిశంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. తీగెలవెంట పలువురికి టెలివిజను పంపువారు సామాన్యముగా మల్టీకాస్టునే వాడుదురు. కావున బొమ్మ ఆగినప్పుడు పరీక్షింపవలసిన క్రమమును పెద్దలు ఎరిగియుండుట మేలు.

మొదట, పంపుచోట ధార పుట్టుచున్నదా యని చూడవలెను. చెరువులో నీరు లేక మడవను నిందించి ఫలము లేదు. రెండవది, బొమ్మ ఆగు కాలమును లెక్కింపవలెను. నాలుగు నిమిషముల ఇరువది సెకనులకు ఆగినచో అడుగువాడు లేడని మొదటి అనుమానము. ఆగక, ముక్కలై గీతలు పడినచో తీగె నిండినదేమో చూడవలెను. మూడవది, క్వెరియరు ఎవరో విచారింపవలెను. ఇద్దరున్నచో చిరునామాలో చిన్న అంకె గలవాడే ఆ పని చేయవలెనని 1997నాటి రెండవ రూపములోనే నిర్ణయమున్నది. నాలుగవది, బొమ్మ ఒక వీధిలో నుండి వేరొక వీధికి అసలే పోనిచో, ధారకు ఎన్ని రౌటర్లు దాటు ఆయువు ఇచ్చిరో చూడవలెను. ఆ సంఖ్య ఒకటియైనచో మొదటి రౌటరునొద్దనే అది ఆరిపోవును. కడపట, స్నూపింగును ఆపుట చికిత్స కాదని గుర్తుంచుకొనవలెను. ఆ పందిటిలో అది ఒకరి బాధను మరొకరి నెత్తికి మార్చినదేగాని తీర్చలేదు.

మరునాడు నిర్వాహకులము మరల కూడితిమి. నేను లేచి ముందటి తీర్మానము తప్పని చెప్పితిని. కుర్రవానికి కూలి పూర్తిగా ముట్టినది. వానిలో లోపము లేదనను. క్వెరియరును మొదటనే నిలుపవలసినది వాడే. కాని వాడు ఎరుగక చేసిన పొరపాటును మేము మోసమని పిలిచితిమి. "ఏమి జరిగినది, నాయనా?" అని మాలో నొక్కరును వానిని అడుగలేదు. ఆ పందిటిలో అడుగువాడు లేనిది స్విచ్చివద్ద మాత్రమే కాదు.

అనావృష్టి సీమలో పుట్టినవారము మనము. నీరుగంటి రాని మడి యెట్లెండునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను.