మా ల్యాబుకు సి.ఆర్.ఓ. కొన్న ముచ్చట

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. పే రివిజన్ల గురించీ, డి.ఎ. బకాయిల గురించీ రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు కనుక, నాకు తెలిసిన ఒక పరికరం సంగతి రాస్తున్నాను. దాని పేరు కేథోడ్ రే ఆసిలోస్కోప్. ల్యాబుల్లో అందరం సి.ఆర్.ఓ. అనేవాళ్ళం. స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసిన మిత్రులకు పరిచయం అక్కర్లేదు. మిగిలినవారికి ఒక్క మాట: కంటికి కనబడని విద్యుత్తు హెచ్చుతగ్గులను తెర మీద ఆకుపచ్చ గీతగా చూపే పెట్టె ఇది.

దీనికి మూలం 1897లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేసిన గాజు గొట్టం. ఆయనకు 1909లో మార్కోనీతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అది వైర్‌లెస్ పనికి వచ్చింది, ఈ గొట్టానికి కాదు! 1947లో అమెరికాలో టెక్‌ట్రానిక్స్ వారి 511 మోడల్ వచ్చాక తెర మీద బొమ్మను కదలకుండా నిలబెట్టడం సులువైంది.

మన వాల్తేరుకు ఇలాంటి తెరలతో పాత అనుబంధమే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడి, 1930లో బెజవాడ నుంచి ఇక్కడికి వచ్చింది. 1932లో సూరి భగవంతం గారు భౌతికశాస్త్రంలో చేరారు. తరువాత స్పెక్ట్రోస్కోపీలో రంగధామరావు గారు, అయనోస్ఫియర్ పరిశోధనలో బి.రామచంద్రరావు గారు ప్రసిద్ధులయ్యారు. రేడియో తరంగాన్ని పైకి పంపితే అయనోస్ఫియర్‌ను తాకి తిరిగి వస్తుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో తెర మీద కొలుస్తారు. ఒక మిల్లీసెకను ఆలస్యమైతే 150 కిలోమీటర్ల ఎత్తు, రెండైతే 300. ఆకాశాన్ని బల్ల మీద కూర్చుని కొలవడమంటే ఇదే కదా!

ఇక నేను ఉద్యోగం చేసిన ల్యాబు సంగతి. 1980ల మధ్యలో కొత్త సి.ఆర్.ఓ.కు గ్రాంటు వచ్చింది. ఉన్నది ఒక్కటే. ఎమ్మెస్సీ పిల్లల్లో ఒకడు బటన్లు తిప్పితే మిగతావాళ్ళు భుజాల మీంచి తొంగిచూసి రికార్డు రాసుకునేవారు. వచ్చిన డబ్బుతో 100 మెగాహెర్ట్జ్ విదేశీ పరికరం ఒకటి కొనవచ్చు, లేదా 20 మెగాహెర్ట్జ్ దేశీయమైనవి నాలుగు కొనవచ్చు. కొటేషన్ల కాగితాలను పెందుర్తి నుంచి పాసింజరు బండిలో వస్తూ పోతూ చదివేవాణ్ణి.

లెక్క తేలికే. పిల్లలు చూసే రెక్టిఫైయర్ అలలు 100 హెర్ట్జ్, రేడియోలో ఐ.ఎఫ్. 455 కిలోహెర్ట్జ్. వాటికి 20 మెగాహెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది. పైగా సముద్రపు గాలికి స్విచ్చుల కాంటాక్టులు చిలుము పట్టేవి. దేశీయమైతే విడిభాగం దొరుకుతుంది. విదేశీదైతే దిగుమతి అనుమతి, కస్టమ్స్ మినహాయింపు, విదేశీ మారకం అంటూ ఫైలు బల్లలన్నీ తిరగాలి.

కానీ ఒక రీసెర్చి స్కాలర్ అడ్డం తిరిగాడు. లేజరు కాంతి పడ్డాక పదార్థం వెదజల్లే వెలుగు కొన్ని నానోసెకన్లలో ఆరిపోతుంది. దాన్ని కొలవడమే అతని పని. 20 మెగాహెర్ట్జ్ పరికరంలో గీత పైకి లేవడానికే పదిహేడున్నర నానోసెకన్లు పడుతుంది. 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే వచ్చే లెక్క అది. “సార్, ఇది నా వెలుగును చూసేలోపు ఆరిపోతుంది” అన్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ మాటకు జవాబు లేదు మరి.

చివరికి నాలుగే కొన్నారు. ఆ అబ్బాయి కొలతల కోసం వేరే ఊరి ల్యాబుకు వెళ్ళి, వాళ్ళ పరికరం ఖాళీ అయ్యేదాకా కాచుకుని పని ముగించాడు. అతని వాదన న్యాయమేనని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. అయితే పిల్లలు తలా ఒక బటను తిప్పుతూ నిలబడటం చూశాక కొన్నది తప్పని అనలేను.

పెట్టెలు విప్పిన రోజున ప్రోబులు లెక్కపెట్టి స్టాకు రిజిస్టరులో ఎక్కించింది నేనే. ప్రోబు మీది నల్ల క్లిప్పు ఎర్తుకు కలిసి ఉంటుంది, దాన్ని మెయిన్స్ ఫేజుకు తగిలించకండిరా అని ప్రతి బ్యాచికీ చెప్పేవాణ్ణి. ఏటా ఎవడో ఒకడు ఫ్యూజు ఎగరగొట్టేవాడు. 2008లో నేను రిటైరయ్యే నాటికి డిజిటల్వి వచ్చేశాయి. ఆ నాలుగింటిలో రెండు మాత్రం మొదటి సంవత్సరం పిల్లల బల్ల మీద ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.