భాష వస్తే మనవాడైపోతాడా? స్పానిష్ సంఘంలో పంతొమ్మిదేళ్ల మిషనరీ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక కుక్కర్ విజిల్ దగ్గర మొదలవుతుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆన్‌సైట్ మీద ఎనిమిది నెలలు డల్లాస్ పక్కన ఉన్నాను. ఒక శనివారం మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద ఉంది, ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఇద్దరు కుర్రాళ్లు. తెల్ల చొక్కాలు, టైలు, ఎండకి టమాటాల్లా ఎర్రబడ్డ మొహాలు. అందులో ఒకడు నన్ను చూసి నవ్వి, "ఓలా! కోమో ఎస్తా?" అన్నాడు.

టెక్సాస్‌లో ఉన్న తెలుగోళ్లలో చాలామందికి ఇది అనుభవమే. మన రంగు చూసి మెక్సికన్ అనుకుంటారు. "బాబూ, నేను హైదరాబాద్" అని చెబితే పాపం ఇంకా ఎర్రబడిపోయాడు. లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చాను. చొక్కా జేబు మీద నల్ల బ్యాడ్జి ఉంది. దాని మీద "ఎల్డర్" అని, పక్కన ఇంటిపేరు, కింద సంఘం పేరు మొత్తం స్పానిష్‌లో. ఎల్డర్ అంటే పెద్దాయన. ఈ పెద్దాయనకి పంతొమ్మిదేళ్లు!

మోర్మన్లు అని మనం వింటుంటాం కదా, వాళ్లే. అసలు పేరు యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. ముందే చెప్పేస్తున్నా, నేను ఆ మతం వాణ్ణి కాదు, ఇది ప్రచారమూ కాదు. ఆ రోజు నా బుర్రలో పడ్డ ప్రశ్న వేరు. ఈ పిల్లాడు పుట్టింది అమెరికాలో, మాతృభాష ఇంగ్లీషు. మరి సొంత దేశంలోనే స్పానిష్ నేర్చుకుని, వలస వచ్చినవాళ్ల ఇళ్ల తలుపులు ఎందుకు కొడుతున్నాడు? వాళ్లు ఇతన్ని తమవాడు అనుకుంటారా?

ఈ ప్రశ్నకి చాలా పెద్ద చరిత్ర ఉంది. ముందు ఆ కుర్రాడి ఒక రోజు చూద్దాం.

ఉదయం ఆరున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా

ఆరున్నరకి లేవాలి. అరగంట వ్యాయామం. స్నానం, టిఫిన్ అయ్యాక చదువు. కొంతసేపు ఒంటరిగా, కొంతసేపు జోడీతో కలిసి. స్పానిష్ సంఘానికి పంపితే దీనికి తోడు భాష చదువు. పదింటికల్లా రోడ్డు మీద ఉండాలి. రాత్రి తొమ్మిది ప్రాంతంలో గూటికి చేరాలి, పదిన్నరకి లైట్లు ఆర్పాలి. 2017లో ఈ టైమ్‌టేబుల్‌ని కాస్త సడలించారు కానీ వరస దాదాపు ఇదే.

జోడీ అన్నాను కదా, దాన్ని కంపానియన్ అంటారు. కంటికి కనబడేంత, మాట వినబడేంత దూరంలోనే అతను ఎప్పుడూ ఉండాలి. ఎవరితో ఉండాలన్నది మీ ఇష్టం కాదు. సుమారు ఆరు వారాలకోసారి బదిలీల కబురు వస్తుంది. జోడీ మారొచ్చు, ఊరు మారొచ్చు. సినిమాల్లేవు, డేటింగ్ లేదు. అబ్బాయిలకి రెండేళ్లు, అమ్మాయిలకి పద్దెనిమిది నెలలు. ఒకప్పుడు అబ్బాయిలకి 19, అమ్మాయిలకి 21 నిండాలి. 2012 అక్టోబర్‌లో దాన్ని అబ్బాయిలకి 18కి, అమ్మాయిలకి అప్పట్లో 19కి తగ్గించారు.

జీతం లేదు, పైగా ఎదురు కట్టాలి. అమెరికా నుంచి వెళ్లేవాళ్లు 2020 జులై నుంచి నెలకి 500 డాలర్లు కడుతున్నారు, అంతకుముందు అది 400. ఇంటర్ అయిపోగానే బర్గర్ షాపులోనో, పొలంలోనో పనిచేసి దాచుకున్న డబ్బులు చాలామందివి.

ఇప్పుడు చెప్పేది మనలాంటి ఫోన్ పిచ్చోళ్లకి. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోన్ చేయడం ఏడాదికి రెండేసార్లు. క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. మిగతా వారాల్లో ఈమెయిల్ ఒక్కటే. ఇప్పుడు వారానికోసారి మాట్లాడొచ్చు. అదీ వాళ్లకి వారంలో దొరికే ఒక్క ఖాళీ రోజున. మామూలుగా అది సోమవారం. బట్టలు ఉతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, క్షవరం, అమ్మతో మాట అన్నీ ఆ రోజే.

భాష సంగతి ఇంకా సరదా. స్పానిష్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి శిక్షణ కేంద్రంలో ఉండేది సుమారు ఆరు వారాలు. ఆ తర్వాత డైరెక్ట్‌గా జనంలోకి. "ఎంబరస్ అయ్యాను" అని చెప్పబోయి "ఎంబరసాదా" అంటారు. స్పానిష్‌లో దాని అర్థం గర్భవతి. అలసిపోయానంటే "కన్సాదో". నోరు జారి "కసాదో" అంటే పెళ్లైనవాణ్ణి అని. ఆకలేస్తోంది అనడానికి "హాంబ్రే" బదులు "హోంబ్రే" అంటే మగమనిషి అని అర్థం. ఇవి ప్రతి బ్యాచ్‌లోనూ జరిగేవే. దిద్దేది ఎవరు? భోజనానికి పిలిచిన ఇంటి ఆడవాళ్లు. సంఘంలో ఒక క్యాలెండర్ తిరుగుతుంది. ఏ రోజు ఏ ఇల్లు కుర్రాళ్లకి అన్నం పెడుతుందో అందులో రాసుకుంటారు. ఒక రోజు మెక్సికో తమాలెస్, ఇంకో రోజు ఎల్ సాల్వడోర్ పుపుసాలు. బదులుగా వీళ్లు ఉచితంగా ఇంగ్లీషు క్లాసులు చెబుతారు, ఇల్లు మారేవాళ్లకి సోఫాలు మోస్తారు.

అంటే పైకి చూస్తే వీళ్లు నేర్పడానికి వచ్చినవాళ్లు. కానీ నోటికి మాట, కడుపుకి తిండి రెండూ వస్తున్నది అవతలివాళ్ల నుంచే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే 150 ఏళ్ల కిందట ఈ కథ మొదలైంది కూడా ఇలాగే.

గుర్రాల మీద వెళ్లిన పుస్తకం

1870ల్లో ఈ సంఘం కేంద్రం అప్పటికే యూటాలోని సాల్ట్ లేక్ సిటీ. మెక్సికోకి మనుషుల్ని పంపాలనుకున్నారు, కానీ వాళ్ల మోర్మన్ గ్రంథం స్పానిష్‌లో లేదు. సరిగ్గా అప్పుడే, 1874లో, మెలితోన్ త్రెహో అనే స్పెయిన్ దేశస్థుడు యూటా చేరాడు. ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ సైన్యంలో ఆఫీసరుగా పనిచేసినవాడు. ఆయన, స్పానిష్ వచ్చిన డేనియల్ జోన్స్ కలిసి గ్రంథంలోంచి కొన్ని భాగాలు ఎంచి అనువదించారు. 1875లో ఆ చిన్న పుస్తకం అచ్చయింది.

ఆ పుస్తకాలు సుమారు 1,500 మూటగట్టుకుని జోన్స్ బృందం గుర్రాల మీద దక్షిణానికి బయల్దేరింది. 1876 జనవరిలో సరిహద్దు దాటారు. అన్ని ఊళ్లూ తిరగడం కుదరదు కాబట్టి చివావాలో ఉండి మిగతా పట్టణాల ప్రముఖులకి పోస్టులో పుస్తకాలు పంపారు. అలా వెళ్లిన ఒక కాపీ మెక్సికో సిటీలో ప్లోతినో రొదాకనాతీ చేతికి చేరింది. ఈయన గ్రీస్‌లో పుట్టి మెక్సికోలో స్థిరపడ్డ సోషలిస్టు. చదివి యూటాకి ఉత్తరం రాశాడు. దాంతో 1879లో మిషనరీలు రాజధానికి వచ్చారు, ఆయనా బాప్తిస్మం తీసుకున్నాడు. కొన్నేళ్లకే దూరం జరిగాడు, అది వేరే కథ. పూర్తి గ్రంథం స్పానిష్‌లో 1886లో వచ్చింది. అందులోనూ త్రెహో చెయ్యి ఉంది.

మొదటి రోజు నుంచీ పని ఇలాగే నడిచింది. బయటివాళ్లు వచ్చారు, కానీ ఆ భాషలో పుట్టిన మనిషి లేకపోతే ఒక్క పేజీ కదల్లేదు.

కుర్రాళ్లు వెళ్లిపోయాక

1910లో మెక్సికోలో విప్లవం మొదలైంది. 1913లో అమెరికన్ మిషనరీలందర్నీ వెనక్కి పిలిపించారు. హిదాల్గో రాష్ట్రంలో సాన్ మార్కోస్ అని ఒక ఊరు. అక్కడి చిన్న సంఘాన్ని రఫాయెల్ మోన్‌రోయ్ అనే స్థానికుడికి అప్పజెప్పి వెళ్లారు. దుకాణం నడుపుకునే మనిషి, బాప్తిస్మం తీసుకుని ఎంతో కాలం కాలేదు. 1915 జులై 17న జపతిస్టా సైనికులు ఆయన్నీ, తోటి విశ్వాసి విసెంతే మొరాలెస్‌నీ కాల్చి చంపారు.

ఆలోచించండి. వచ్చిన కుర్రాడికి వెళ్లిపోవడానికి ఇంకో దేశం ఉంది. మోన్‌రోయ్‌కి అదొక్కటే ఊరు. ఆయన పోయాక కూడా తల్లి హెసుసితా, మిగిలినవాళ్లు సంఘాన్ని వదల్లేదు.

1926లో రెండో దెబ్బ. విదేశీ మతబోధకులు పనిచేయకూడదన్న రాజ్యాంగ నిబంధనని కయ్యెస్ ప్రభుత్వం గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టింది. మళ్లీ బయటివాళ్లు వెళ్లిపోయారు. ఐసయాస్ హువారెస్ లాంటి స్థానికులే ఏళ్ల తరబడి సంఘాలని నడిపారు. ప్రార్థనలు, పెళ్లిళ్లు, చావులు అన్నీ వాళ్ల చేతుల మీదే.

ఇన్నేళ్లు మేమే నడిపాం కదా, మిషన్ అధ్యక్షుడు కూడా మావాడే ఉండాలి అని కొందరు అడిగారు. అప్పటి అధ్యక్షుడు హెరాల్డ్ ప్రాట్. మెక్సికో ఉత్తరాన మోర్మన్లు కట్టుకున్న కాలనీల్లో పుట్టి పెరిగినవాడు, స్పానిష్ బాగా వచ్చు. "ఆయన ఇక్కడే పుట్టాడు కదా, ఇంకేం కావాలి?" అన్నది పైవాళ్ల వాదన. "పుట్టుక సంగతి కాదు, మా రక్తం, మా జాతి కావాలి" అన్నది వీళ్ల మాట. అప్పటికే రెండు సమావేశాలు అయిపోయాయి. 1936 ఏప్రిల్‌లో తెకాల్కోలో జరిగింది మూడోది. అందుకే ఆ ఉద్యమానికి "మూడో కన్వెన్షన్" అన్న పేరే నిలిచిపోయింది. దేశంలోని సభ్యుల్లో దాదాపు మూడో వంతు, సుమారు 800 మంది, విడిపోయారు. నాయకుల్ని సంఘం వెలివేసింది. హువారెస్ మాత్రం విడిపోలేదు. అంటే ఇది మెక్సికన్లు ఒకవైపు, అమెరికన్లు ఒకవైపు అన్నంత సింపుల్ గొడవ కూడా కాదు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరో వైపు.

పదేళ్లు అలాగే గడిచింది. 1940ల్లో ఆర్వెల్ పియర్స్ అనే కొత్త అధ్యక్షుడు వచ్చాడు. ఆయన చేసింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. విడిపోయినవాళ్ల సభలకి వెళ్లి వెనక కూర్చున్నాడు, వాళ్ల ఇళ్లల్లో భోంచేశాడు, వాళ్లు చెప్పేది విన్నాడు. వెలివేతల్ని మళ్లీ పరిశీలించారు. 1946 మేలో సంఘాధ్యక్షుడు జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ స్వయంగా తెకాల్కో వచ్చాడు. సుమారు 1,200 మంది తిరిగి కలిశారు.

నాకు ఈ మొత్తం కథలో బాగా తగిలింది ఇదే. హెరాల్డ్ ప్రాట్‌కి భాష వచ్చు, పుట్టుక కూడా అక్కడే, అయినా సరిపోలేదు. పియర్స్ బయటివాడు, కానీ ఓపిగ్గా కూర్చుని విన్నాడు. భాష రావడం ఒకటి, అవతలివాళ్ల మాటకి విలువ ఇవ్వడం ఇంకొకటి.

కోర్సుగా మారిన భాష

1961 డిసెంబర్‌లో రెండు సంగతులు జరిగాయి. మెక్సికో సిటీలో కొన్ని సంఘాల్ని కలిపి, స్పానిష్ మాట్లాడేవాళ్ల కోసం స్టేక్ అనే పెద్ద యూనిట్ ఏర్పాటైంది. అదే నెల యూటాలోని ప్రోవోలో మిషనరీల భాషా శిక్షణ కేంద్రం మొదలైంది. మెక్సికో, అర్జెంటీనా వీసాల కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లు ఖాళీగా ఉండకుండా స్పానిష్ నేర్పడం దాని మొదటి పని. అవును ఫ్రెండ్స్, అదంతా పుట్టింది వీసా లేటవడం వల్ల! మన హెచ్‌వన్‌బీ బ్యాచ్‌కి ఈ బాధ చెప్పక్కర్లేదు.

ఇంకోవైపు స్పానిష్ మాట్లాడేవాళ్లే అమెరికాకి వస్తూ ఉన్నారు. సాల్ట్ లేక్ సిటీలోనే 1920ల్లో మెక్సికన్ల కోసం ఒక శాఖ ఉండేది. ఇప్పుడు టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల అలాంటి సంఘాలు చాలా. ప్రతి సంఘానికీ పెద్ద, అంటే బిషప్, ఆ సభ్యుల్లోంచే వస్తాడు. జీతం ఉండదు. వారమంతా పెయింటింగ్ పనో, డ్రైవింగో చేసుకునే మనిషే ఆదివారం సంఘం ముందు నిలబడతాడు. బ్యాడ్జి పెట్టుకున్న ఎల్డర్ సాయం చేసి వెళ్లిపోయే కుర్రాడు. 1936లో అడిగినదానికి జవాబు ఆ సంఘాల్లో కనబడుతుంది.

మా పక్కింటి అబ్యులా

నా తలుపు కొట్టిన ఎల్డర్ ఎక్కువగా వచ్చేది మా పక్క ఫ్లాట్‌కి. అక్కడ మిచోయకాన్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఉండేది. అందరం అబ్యులా అనేవాళ్లం, అంటే అమ్మమ్మ. ఒక సాయంత్రం మెట్ల దగ్గర కూర్చుని ఉంది. మనవరాలు ఇంగ్లీషులో చెబుతుంటే విన్నాను. మొదట్లో ఆ కుర్రాళ్లు వస్తే లైట్ ఆర్పేసేవాళ్లంట. టై కట్టినవాడు తలుపు కొడితే ఇమిగ్రేషన్ వాళ్లేమో అని భయం. తర్వాత అలవాటై, అన్నం పెట్టడం మొదలుపెట్టారు.

"ఒక్కొక్కడూ నోట్లో మాట లేకుండా వస్తాడు. మేం మాట నేర్పుతాం. మాట్లాడటం వచ్చేసరికి ఇంకో ఊరు పంపేస్తారు" అందావిడ. కోపంగా కాదు, మామూలుగానే. కాసేపాగి, "వెళ్లాక ఉత్తరం రాసినవాడు మావాడు" అంది.

మన హైదరాబాద్‌కీ ఈ చరిత్రలో ఒక పేజీ ఉంది. ఎడ్విన్ ధర్మరాజు అనే కీటక శాస్త్రవేత్త సమోవాలో పనిచేస్తూ ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబర్‌లో భార్య ఎల్సీ, పిల్లలతో హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకి బోధించారు. ఆయనకి భాషా కోర్సు అక్కర్లేదు. వచ్చింది సొంతవాళ్ల దగ్గరికి.

నేను డల్లాస్ వదిలే ముందే ఆ ఎల్డర్ బదిలీ అయిపోయాడు. ఉత్తరం రాశాడో లేదో నాకు తెలియదు. కానీ మన ఇళ్లల్లో చూడండి. వేరే ఊరు నుంచి వచ్చినవాడికి మన మాటలు నేర్పి, ముద్ద పెట్టినవాళ్లు ఎంతమందో. మనం వేరే ఊరు వెళ్తే మనకి పెట్టినవాళ్లు ఎంతమందో. అందులో ఎవరికైనా చాన్నాళ్లుగా ఫోన్ చేయకపోతే, ఈ వీడియో అయ్యాక ఒకసారి చేయండి. మనకి ఏడాదికి రెండే కాల్స్ అన్న రూలేం లేదుగా.