ఎయిర్ ఫిల్టరు (గృహ శీతలీకరణ)

ఎయిర్ ఫిల్టరు లేదా గాలి వడపోత అనగా ఏసీ యంత్రము గదిలోని గాలిని లోనికి పీల్చుకొనునపుడు ఆ గాలిలోని దుమ్ము, నూగు, పుప్పొడి వంటి వాటిని ఆపే జల్లెడ. చలి దేశాలలో ఒకే యంత్రము ఇంటిని వేసవిలో చల్లబరచి చలికాలములో వెచ్చబరుస్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలలో ఇంటిని వెచ్చబరచవలసిన అవసరము దాదాపు లేదు. కనుక ఇక్కడ ఫిల్టరు అంటే సాధారణంగా గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ లేదా కిటికీ ఏసీ లోని ఫిల్టరే. గాలిలో ఏమున్నది, యంత్రపు ఫ్యానుకు ఎంత బలమున్నది, ఇంట్లో ఉబ్బసము వంటి బాధలు ఉన్నవారున్నారా అనే మూడు విషయాలను బట్టి ఫిల్టరును ఎంచుకోవాలి.

పనిచేసే విధానము

ఫిల్టరు చేసే పనులు రెండు. మొదటిది యంత్రమును కాపాడుట. చల్లని కాయిలు మీద ఎప్పుడూ తేమ ఉంటుంది. ఆ తడికి దుమ్ము అంటుకుంటే పొరగా గట్టిపడి చల్లదనము తగ్గుతుంది, కరెంటు ఖర్చు పెరుగుతుంది. రెండవది మనుషులు పీల్చే గాలిని శుభ్రపరచుట. ఏసీతో పాటు వచ్చే నైలాను వల మొదటి పని మాత్రమే చేయగలదు. దాని కన్నాలు కంటికి కనిపించేంత పెద్దవి. ఊపిరితిత్తుల లోతుకు చేరే రేణువులు 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి. వీటిని పి.ఎం.2.5 అంటారు. మనిషి వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు.

కొలమానాలు

* మెర్వ్: అమెరికాకు చెందిన ఆష్రే సంస్థ 1999లో ప్రవేశపెట్టిన పద్ధతి. సంఖ్య పెరిగిన కొద్దీ వడపోత పెరుగుతుంది. మెర్వ్ 8 ఫిల్టరు 3 నుండి 10 మైక్రాన్ల రేణువులలో కనీసం 70 శాతాన్ని ఆపుతుంది. మెర్వ్ 13 ఫిల్టరు 0.3 నుండి 1 మైక్రాను రేణువులలో కూడా కనీసం 50 శాతాన్ని ఆపుతుంది.
* హెపా: 0.3 మైక్రాను రేణువులలో 99.97 శాతాన్ని ఆపే దట్టమైన ఫిల్టరు.
* ఐ.ఎస్.ఓ. 16890: 2016లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణము. ఇది ఫిల్టర్లను పి.ఎం.1, పి.ఎం.2.5, పి.ఎం.10 రేణువులను ఆపే శక్తిని బట్టి విభజిస్తుంది.

ప్రాంతీయ పరిస్థితులు

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో ఏలూరు ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉన్నది. తాడేపల్లిగూడెం బియ్యపు మిల్లులకు, ఉల్లిపాయల మార్కెట్టుకు ప్రసిద్ధి. మిల్లుల చుట్టుపక్కల ఊక నూగు, తవుడు ధూళి, ఊక బూడిద గాలిలో కలుస్తాయి. ఇవి చాలావరకు పెద్ద రేణువులు కనుక నైలాను వల వీటిని కొంతవరకు ఆపగలదు, కాని త్వరగా పూడిపోతుంది. గడ్డి, చెత్త తగులబెట్టిన పొగలోని సన్నని రేణువులను ఆపలేదు.

దాళ్వా కోతలు, నూర్పిళ్ళు వేసవిలో ఏసీలు ఎక్కువగా నడిచే సమయములోనే వస్తాయి. సార్వా మాసూళ్ళ కాలములో ఏసీలు ఆపి కిటికీలు తెరచి ఉంచుతారు. అప్పటి పొగ, ధూళి విషయములో ఏసీ ఫిల్టరు వలన ప్రయోజనము ఉండదు.

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా, 2002లో రామ్‌సార్ చిత్తడి నేలగా గుర్తింపు పొందినది. సరస్సు, చేపల చెరువులు, కాలువల వలన ఈ ప్రాంతములో గాలిలో తేమ ఎక్కువ. వానాకాలములో వాడకుండా వదిలేసిన ఫిల్టరుపై, కాయిలుపై బూజు పట్టే అవకాశము ఉన్నది.

ఎంపిక

స్ప్లిట్ ఏసీ ఫ్యాను తక్కువ ఒత్తిడికే తయారైనది. దాని వలపై దట్టమైన గుడ్డనో, హెపా ముక్కనో కప్పితే గాలి తగ్గుతుంది, కాయిలుపై మంచు గడ్డకట్టి నీరు కారుతుంది, కంప్రెసరు దెబ్బతినవచ్చును. కనుక,

* సాధారణ ఇంటికి కంపెనీ ఇచ్చిన నైలాను వల చాలును. దానిని సమయానికి కడగడము ముఖ్యము.
* అదనపు ఫిల్టరు కావాలంటే ఆ మోడలు కొరకు తయారైనదే వాడాలి.
* ఉబ్బసము ఉన్నవారు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్న గదిలో ఏసీకి తోడుగా విడిగా హెపా ఎయిర్ ప్యూరిఫయరు ఉంచుట మేలు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు 5 సార్లు శుభ్రపడాలంటే గంటకు 170 ఘనపు మీటర్ల సామర్థ్యము కావాలి.

అమెరికాలోని తెలుగువారి ఇళ్ళలో గొట్టాల ద్వారా ఇల్లంతటికీ గాలి పంపే యంత్రాలు సాధారణము. అక్కడ మెర్వ్ 13, లేదా యంత్రము తట్టుకోగలిగినంత హెచ్చు సంఖ్య గల ఫిల్టరు వాడమని ఆ దేశపు పర్యావరణ సంస్థ సూచిస్తుంది. ఫిల్టరు అంచుపై ఉన్న బాణము గుర్తు గాలి పోయే దిశను చూపేటట్లు అమర్చాలి.

శుభ్రపరచుట

కరెంటు ఆపి వలను బయటకు తీసి, గోరువెచ్చని నీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి అమర్చాలి. ఎండలో ఆరబెడితే ప్లాస్టిక్ చట్రము వంగిపోవచ్చును. వేసవిలో రెండు వారాలకొకసారి, మిల్లులకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో వారానికొకసారి చూసుకొనుట మంచిది. కాగితపు ఫిల్టర్లను, హెపా ఫిల్టర్లను కడగరాదు; పాడైనప్పుడు మార్చాలి.

పరిమితులు

రేణువులను ఆపే ఫిల్టరు వాయువులను ఆపలేదు. గ్యాసు గీజరు, బొగ్గుల కుంపటి నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకము. ఏ ఇంటి ఫిల్టరూ దీనిని తొలగించదు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, సాధారణంగా బయటి గాలిని తీసుకురాదు. దోమల బెడద గల కొల్లేరు పల్లెలలో ఏసీ గది మూసి దోమల చుట్ట వెలిగించుట ప్రమాదకరము. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారము ఒక చుట్ట కాలినపుడు వెలువడే పి.ఎం.2.5 పరిమాణము 75 నుండి 137 సిగరెట్లకు సమానము. ఇటువంటి గదులలో ఫిల్టరు మార్చుట కన్నా దోమతెర కట్టుకొనుట ఉత్తమము.

ఇవి కూడా చూడండి

* కొల్లేరు సరస్సు
* తాడేపల్లిగూడెం
* వాయు కాలుష్యం
* ఉబ్బసము