వెనుకకు పిలిచిన సరకు

అంగడి దాటిన సరకుతో వర్తకునికి ఋణము తీరినదనుట పాత వాడుక. అమెరికాలో 1972లో వెలసిన వినియోగవస్తు భద్రతా చట్టము దానిని మార్చినది. ప్రమాదకరమని తేలిన వస్తువును బాగుచేయుటో, మార్చి యిచ్చుటో, సొమ్ము తిరిగి చెల్లించుటో జరుగవలెను. దీనినే రీకాల్ అందురు.

2013 అక్టోబరు 3న అట్టి ప్రకటన యొకటి వెలువడినది. ఏ.పి.సి. పేరున 1993 మొదలు 2002 వరకు అమ్ముడుపోయిన సర్జ్ ప్రొటెక్టరులు, అనగా హఠాత్తుగా హెచ్చు వోల్టేజి నుండి ఉపకరణములను రక్షించు ప్లగ్గుల పెట్టెలు, సుమారు 1 కోటి 50 లక్షలు వెనుకకు పిలువబడినవి. రక్షింపవలసిన పెట్టెయే వేడెక్కి కరుగుచున్నదని 700 ఫిర్యాదులు వచ్చినవి; గాయములను గూర్చి 13. ఒక్క యింటికే 9,16,000 డాలర్ల అగ్నినష్టము!

అయితే కొన్నవారిని వెదకుట యెట్లు? మోటారుకారుకు వలె దీనికి రిజిస్ట్రేషను లేదు. పదేండ్ల నాటి రశీదును ఎవరు దాచుదురు? మీ రేడియో తీగ ఎచ్చట తగిలియున్నదో మీకు తెలియును. దానిని పట్టియున్న పెట్టెను కడపట ఎన్నడు చూచితిరి? బీరువా వెనుక, దుమ్ములో అది పడియుండును. విద్యుత్తు మాత్రము అందులో ప్రవహించుచునే యుండును.

ప్రకటన కోరినది స్వల్పమే: వెంటనే ప్లగ్గు తీసివేయుడు, క్రమసంఖ్య చూడుడు, వేరొక పెట్టెను ఉచితముగా పొందుడు.