నీళ్ళ కంపెనీ రైతుల అప్పు తీర్చిన కథ

సాగుభూముల్లో ప్రకృతిని బాగు చెయ్యడానికి ప్రైవేటు పెట్టుబడి తేవాలి అనే మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ డబ్బు ఎవరు పెడతారు, ఎందుకు పెడతారు అన్న దగ్గర బండి ఆగిపోతుంది. నిజంగా పెట్టినవాళ్ళ కథ ఒకటి ఫ్రాన్సులో ఉంది. చూద్దాం.

ఈశాన్య ఫ్రాన్సులోని వోజ్ ప్రాంతంలో విట్టెల్ అని ఒక ఊరు. అక్కడి ఊటనీళ్ళ సీసాలు ప్రపంచమంతా తెలుసు. ఆ ఊటకి నీరందించే పొలాల్లో ఒకప్పుడు పచ్చిక, ఎండుగడ్డి, పాడి ఆవులు ఉండేవి. తర్వాత మేత కోసం మొక్కజొన్న వచ్చింది, దాంతోపాటు ఎరువులూ పెరిగాయి. పంట కోశాక నేల చలికాలమంతా ఖాళీ. వాన పడితే నైట్రేట్లు నేరుగా భూగర్భంలోకే. 1980ల్లో ఊటలో వాటి శాతం పెరుగుతోందని కంపెనీకి అర్థమైంది. సహజ మినరల్ వాటర్ అని అమ్మేటప్పుడు నైట్రేట్లని వడకట్టేసి అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. అంటే మన భాషలో చెప్పాలంటే, అవుట్‌పుట్‌కి ప్యాచ్ వెయ్యడం కుదరదు, సోర్స్‌లోనే సరిచెయ్యాలి.

మొదట లాయర్లనో పోలీసులనో పంపకుండా, 1989లో ఫ్రాన్సు వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇన్రాని పిలిచారు. నాలుగేళ్ళ అధ్యయనం. తేలిందేమిటంటే, రైతుకి మొక్కజొన్న మీద ప్రేమేమీ లేదు, నెత్తిమీద అప్పుంది. భూములు కొన్న అప్పు తీరాలంటే దిగుబడి తగ్గకూడదు. ఇంకెన్ని అవగాహన సదస్సులు పెట్టి ఏం లాభం చెప్పండి?

1992లో అగ్రివేర్ అనే అనుబంధ సంస్థ పెట్టారు. కంపెనీ భూములు కొని ఆ అప్పులు తీర్చింది, అవే భూములని దీర్ఘకాలం సాగుకి ఇచ్చింది. ఒప్పందాలు 18 నుంచి 30 ఏళ్ళవి. మొదటి అయిదేళ్ళు హెక్టారుకి ఏటా సుమారు 200 యూరోలు, కొట్టాలకీ పరికరాలకీ ఒక్కో కమతానికి లక్షన్నర యూరోల దాకా ఇచ్చారు. బదులుగా మొక్కజొన్న, రసాయనాలు బంద్, పేడ కంపోస్టుగా మార్చాలి. ఆ కంపోస్టు చల్లే కూలీ కూడా కంపెనీదే! మొదటి ఏడేళ్ళ ఖర్చు దాదాపు 2.4 కోట్ల యూరోలు. 2004 నాటికి ఆ ప్రాంతంలో ఉన్న 26 కమతాలూ కొత్త పద్ధతికి మారాయి.

ఇదంతా ధర్మబుద్ధి అనుకోకండి. ఊట పోతే బ్రాండే పోతుంది. పైగా కంపెనీ కాపాడింది తనకి కావలసిన దాన్నే. అదే ఊళ్ళో లోతైన ఇసుకరాతి పొరలో నీటిమట్టం పడిపోతుంటే, అందులోంచి నీళ్ళు తోడుతున్నవాళ్ళలో ఈ కంపెనీ కూడా ఉంది. ఊరివాళ్ళకి వేరే చోటినుంచి పైపుల్లో నీళ్ళు తెద్దామన్న ప్రతిపాదన వస్తే గొడవై, 2019లో ఆగిపోయింది.

ఇప్పుడు మన దగ్గరకి వద్దాం. 2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 60 లక్షల మంది రైతులని, 80 లక్షల హెక్టార్లని 2024కల్లా ప్రకృతి సేద్యంలోకి మారుస్తామన్నారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ, బి.ఎన్.పి. పారిబా బ్యాంకు ఉన్న వేదిక ద్వారా పెట్టుబడి తెస్తామన్నారు. 2024 వచ్చి వెళ్ళింది, ఆ అంకె దరిదాపులకి కూడా చేరలేదు. పని జరగలేదని కాదు, లక్షల మంది రైతులు చేరారు. కానీ విట్టెల్‌లో సీసా అమ్ముకునే కంపెనీ ఉంది. రాయలసీమలో నేల బాగుపడితే ఎవరి బ్యాలెన్స్ షీట్ బాగుపడుతుంది? రైతుదీ, ఊరిదీ, రేపు పుట్టే పిల్లలదీ. బ్యాంకుకి వాయిదా కట్టేవాడు మాత్రం అందులో కనబడడు.

కాబట్టి ఇలాంటి పథకం పేరు విన్నప్పుడు నేను రెండే ప్రశ్నలు వేస్తాను. మొదటి అయిదేళ్ళ దిగుబడి నష్టం ఎవరిది? రైతు పాత అప్పు సంగతేమిటి? మైగ్రేషన్ ప్రాజెక్టుల్లో డౌన్‌టైమ్ ఖర్చు యూజర్ నెత్తిన వేస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు కదా. ఇక్కడ ఆ యూజర్ రైతు, అంతే తేడా.