ఐదువందల ధనుస్సుల అవతల

అడవి ఎక్కడ మొదలవుతుంది? బౌద్ధ భిక్షువుల వినయపిటకం దీనికి కొలత పెట్టింది. ఊరికి కనీసం 500 ధనుస్సుల దూరంలో ఉంటే అది అరణ్యవాసమే. మన లెక్కలో కిలోమీటరుకు అటూ ఇటూ. ఇల్లూ వాకిలీ, ఆలుబిడ్డల్నీ వదిలి విముక్తి కోసం బయల్దేరినవాళ్ళు ఆగింది ఇంత దగ్గరా అని నవ్వొచ్చింది నాకు. మిగతా నియమాలు చూశాక అర్థమైంది. వండుకోకూడదు, మర్నాటికి దాచుకోకూడదు, మధ్యాహ్నం దాటాక తినకూడదు. మరీ లోపలికి పోతే పస్తే.

జగ్గయ్యపేట ధనబోడు గుట్ట మీది స్తూపం ఇలాంటివాళ్ళదే, క్రీస్తుకు పూర్వపుది. డబ్బు ముట్టరాని సన్యాసుల చోట దొరికిన ప్రసిద్ధ శిల్పంలో ఏముందనుకున్నారు? మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు జలజలా రాలుతున్నాయి! అంత సంపదా చాలక స్వర్గం మీద కన్నేసి కిందపడ్డ రాజు కథ అది.

నాకు ముచ్చటైన కాలం మాత్రం ఇక్ష్వాకులది, క్రీ.శ. మూడో శతాబ్దం. వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు (స్తూపం వాకిళ్ళ దగ్గర నిలిపేవి) నిలిపాడు. శాసనంలో తనొక్కడి పేరుతో ఊరుకోలేదు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, సోదరుడి సంసారం, వాళ్ళ పిల్లలు, అందర్నీ చెక్కించాడు. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు రాయించే అలవాటు మనకు నిన్నటిది కాదు. సంసారం విడిచినవాళ్ళ గుమ్మంలో ఉమ్మడి కుటుంబం మొత్తం కొలువుతీరింది.

నందిగామ వైపు అల్లూరులో దొరికిన శాసనం ఇంకో అడుగు ముందుకెళ్ళింది. భిక్షుసంఘానికి పొలాలు, ఆవులు, బళ్ళు, వాటితోపాటు దాసదాసీలనూ దానమిచ్చారు. విముక్తి వెతుక్కుంటున్నవారికి బానిసలా! దాత గొప్ప రాతికెక్కింది. ఆ దాసీలు ఏమనుకున్నారో ఏ రాయీ చెప్పదు. నాకు అదే అసలు నష్టం.

మళ్ళీ ధనబోడుకు వస్తే, ఇక్ష్వాకుల తర్వాత చాలాకాలం నిశ్శబ్దం. ఇంచుమించు ఆరో శతాబ్దపు లిపిలో ఒక్క గొంతు వినిపిస్తుంది: నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు, బుద్ధ విగ్రహం నిలిపాడట. గోత్రం వదిలొచ్చినాయన మూడు తరాల వంశం చెప్పుకున్నాడు, కాకపోతే తండ్రుల బదులు గురువులతో.

ఆపైన శతాబ్దాలు గిర్రున తిరిగి, బేతవోలు అనే ఈ ఊరు జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి తండ్రి పేరున జగ్గయ్యపేట అయింది. ఆ జమీందారే అమరావతిలో ఊరు కట్టినప్పుడు అక్కడి స్తూపం రాళ్ళు గోడలకీ మెట్లకీ పోయాయి. ధనబోడును 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి, 1887లో పుస్తకం వేశాడు.

మాంధాతను చూడాలంటే గుట్టెక్కి లాభం లేదు. ఆయన చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాడు.