కొబ్బరికాయ నుంచి వెండి కడెం దాకా

మాఘం వెళ్తుందనగానే ఆదివారం అనుబంధంలో జాతర మీద ఒక వ్యాసం పడాల్సిందే. ఈసారి వంతు నాది. మా అత్తగారిల్లు బాన్సువాడ దగ్గర బీర్కూర్ వైపు కావడంతో ఇంకెవరి పేరూ ఆలోచించకుండా నాకు అంటగట్టారు. గడువు సోమవారం. శని, ఆదివారాలు ఎలాగూ అక్కడే గడపాలి, అల్లుడు జాతరకు రాకపోతే ఊరంతా అడుగుతుంది.

ముందు చరిత్ర. బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా తిరిగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే మంజీర ఒడ్డున ఉంది బీర్కూర్. దగ్గర్లోని బోధన్ వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని. ఆ తర్వాత రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, కాకతీయులు, బహమనీలు, కుతుబ్ షాహీలు, అసఫ్ జాహీలు. ఇన్ని వంశాలు వచ్చిపోయినా శాసనాల్లో కనిపించేది గుడికిచ్చిన మాన్యమే. ఏ ఊరి కోడలు ఏ జాతరకు పుట్టింటికి వచ్చిందో ఏ రాజూ రాతి మీద చెక్కించలేదు.

1923లో మంజీరకు అడ్డంగా నిజాంసాగర్ కట్టడం మొదలైంది. అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1931 నాటికి పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది లెక్క. కాల్వలు పారాయి, కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు, 1930ల చివర్లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. వరి, చెరుకు పండే ఊరికి పిల్లనివ్వడానికి ఎవరికి చేదు? మా మామగారి లెక్కలో కాల్వ నీళ్లు ముందు వియ్యాలను పెంచాయి, వియ్యాలు జాతరను పెంచాయి. ఏ గెజిటీర్‌లోనూ లేని ఈ సిద్ధాంతం నాకు సబబుగానే తోస్తుంది.

జాతరకు ఒక క్రమం ఉంది. మొదటి రోజు దేవుడికి, భక్ష్యాలకు. రెండో రోజు యాటకు, చుట్టాలకు. ఆడబిడ్డలకు గాజులు, పిల్లలకు బత్తీసలు, తిరిగి వెళ్లేటప్పుడు ఇరుగుపొరుగుకు పంచడానికి పేలాలు, పుట్నాల పలారం. వీటన్నిటి గురించి వేరేవాళ్లు రాస్తారు. నాకు కావాల్సింది రెండో రోజు పొద్దువాలాక మొదలయ్యే కుస్తీ.

ఊరి బయట చెలకలో మట్టి గుల్ల చేసి, రాళ్లు ఏరి, చుట్టూ జనాన్ని కూర్చోబెడతారు. ముందు వరుసలో పెద్దమనుషులు, వాళ్ల పక్కన అల్లుళ్లు. "అల్లుడా, ఇటు రా, ఆడ దుమ్ము కొడ్తది" అని మామగారు జరిగి చోటిచ్చారు. రెండు చోట్లా దుమ్ము ఒకటే, మర్యాద మాత్రం ఇక్కడుంది. డప్పు మోగగానే మొదటి పందెం కొబ్బరికాయ. నిక్కర్ల మీద ఇద్దరు పిల్లలు దిగుతారు. పడింది ఎవరో వాళ్లకే తెలియదు, కొబ్బరికాయ మాత్రం ఒకడి చంకలోకి వెళ్తుంది. అక్కడి నుంచి పందెం యాభై, వంద, ఐదొందలు అని పెరుగుతూ పోతుంది. ఆఖరిది వెండి కడెం. ఎన్ని తులాలన్నది ఆ ఏడు పంటను బట్టి, పెద్దమనుషుల చేతివాటాన్ని బట్టి ఉంటుంది.

జోడీ కుదర్చడమే అసలు పని. ఒక పహిల్వాన్ లంగోటీ బిగించి బరి చుట్టూ తిరుగుతాడు. ఎదురు నిలవగల వాడు లేచి చేయి కలిపితే జోడీ కుదిరినట్టు, లేకపోతే ఇంకో చుట్టు. ఇద్దరూ పిడికెడు మట్టి తీసి ఒకరి భుజాల మీద ఒకరు చల్లుకుంటారు, చెమటకు పట్టు జారకుండా. వీపు నేలకు తగిలిందా, చిత్తు. తగిలిందా లేదా అన్నదాని మీద పావుగంట తగువు. మా బామ్మర్ది "బావా, నువ్వు చూసినవ్ గదా, చెప్పు!" అని నన్ను సాక్ష్యానికి లేపాడు. రెండు పక్షాల్లోనూ మా చుట్టాలే, నేను దుమ్ములో కనబడలేదన్నాను. గెలిచినవాడు చుట్టూ తిరిగితే జనం నోట్లు చేతిలో పెడతారు. ఓడినవాడికీ ఎవరో ఒకరు పెడతారు, అది నాకు నచ్చింది.

దెగ్లూర్, బీదర్ వైపు నుంచి వచ్చే పహిల్వాన్లను ఇప్పుడు 'పక్క రాష్ట్రం వాళ్లు' అంటున్నాం. 1956 నవంబర్ 1 దాకా అందరిదీ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. ఆ రోజు నాందేడ్ బొంబాయికి, బీదర్ చాలా మటుకు మైసూరుకు పోయాయి. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ మాత్రం ఇటు వచ్చాయి. గీతలు గీసినవాళ్లు భాష చూశారు, ఈ జనం పాత దారినే వస్తున్నారు. మరాఠీలో తిట్టుకుని, తెలుగులో రాజీపడి, ఉర్దూలో బేరమాడేది ఇక్కడే.

ఇక ఈ కాలం లెక్క ఒక పట్టాన కుదరదు. 2015 చివర్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా పుట్టింది, బీర్కూర్ అందులోకి వెళ్లింది. మండలంలోని తిమ్మాపూర్ గుట్ట మీది వెంకటేశ్వరుడి గుడి 'తెలంగాణ తిరుమల' అయింది. 2023 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బ్రహ్మోత్సవాలకు వచ్చారు. కరోనా, జెయింట్ వీల్, పానీపూరీ, డీజే, మంజీర ఇసుక లారీలు: వీటిని ఏ వరుసలో పెట్టాలో నాకు తెలియలేదు. కుర్రాళ్లు కుస్తీని ఫోన్‌లో తీసి పెడుతున్నారు, దిగేవాళ్లు మాత్రం తగ్గారని మామగారి ఫిర్యాదు. ఆయన దిగిన దాఖలాలు లేవని అత్తగారు పక్కనుంచి అన్నారు.

ఏ ఏడు కడెం ఎవరు గెలిచారో చెప్పడానికి పెద్దల జ్ఞాపకమే దిక్కు. వాళ్ల మధ్య కూడా పేర్లు కలవవు. మీ ఊళ్లో జాతర చందాల పాత పద్దు పుస్తకం ఎవరి అటక మీదైనా ఉంటే, ఇంటికి సున్నాలు వేసేటప్పుడు పాత కాగితాల వాడికి వేయకండి. ఫోటో తీసి గ్రామ పంచాయతీలో ఒక ప్రతి ఇవ్వండి.